సగంలో ఆగిన మార్పు: 12 వోల్టుల పాత ట్రాక్టరు కథ

6 వోల్టుల బ్యాటరీ కోసం తయారై, ఆ తరువాత 12 వోల్టులకు మారిన పాత పెట్రోలు ట్రాక్టరు స్టార్టు కాకుండా మొరాయించినప్పుడు, దోషం దాని వయసులో కంటే ఆ మార్పు చేసిన తీరులోనే ఎక్కువగా బయటపడుతుంది. బ్యాటరీ మారుతుంది, డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ వస్తుంది, కాని వాటి మధ్య ఉన్న కాయిల్, రెసిస్టర్, తీగలు కొత్త వోల్టేజికి తగినవో కావో చూసేవారు తక్కువ. అందువల్ల ఇంజను ఒక రోజు నడుస్తుంది, మరొక రోజు నడవదు. యజమాని మాత్రం ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్ వరుసగా కొని మారుస్తూ పోతాడు. ఈ కొనుగోళ్లలో ఎక్కువ భాగం అనవసరం. నిమిషాల్లో పూర్తయ్యే ఒక కొలత, దోషం ఏ భాగంలో ఉందో దాదాపు తేల్చి చెప్పగలదు.

అమెరికా పొలాల్లో నేటికీ కనిపించే ఫోర్డ్ ఎన్ తరగతి ట్రాక్టర్లు ఈ సమస్యకు సరైన నిదర్శనం. 1939లో 9ఎన్, 1942లో 2ఎన్, 1947లో 8ఎన్ వెలువడ్డాయి; 1952లో తయారీ ఆగేనాటికి 8ఎన్ ఒక్కటే 5 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. హెన్రీ ఫోర్డ్‌తో 1938లో కుదిరిన నోటిమాట ఒప్పందం మేరకు హ్యారీ ఫెర్గూసన్ 9ఎన్‌కు అందించిన హైడ్రాలిక్ మూడు బిందువుల లింకేజీయే నేడు తెలుగు నేలమీద దాదాపు ప్రతి ట్రాక్టరు వెనుకా నాగలిని, రోటవేటర్‌ను మోస్తున్నది. అయితే ఇక్కడి ట్రాక్టర్లు డీజిల్‌వి. డీజిల్ ఇంజనులో ఒత్తిడికి వేడెక్కిన గాలే ఇంధనాన్ని మండిస్తుంది కనుక దానికి స్పార్క్ ప్లగ్గు గాని, సీబీ పాయింట్లు గాని ఉండవు. పాత జావా, యెజ్డీ, బుల్లెట్ బండ్ల పాయింట్లు సరిచేసిన మెకానిక్కులకు మాత్రం ఈ వ్యవహారమంతా పరిచితమే.

మార్పు ఎందుకు చేస్తారన్న ప్రశ్న ముందు రావాలి. 6 వోల్టులతో సెల్ఫ్ బలహీనంగా తిరుగుతుందన్నది అందరూ చెప్పే కారణం. కాని అవే ట్రాక్టర్లు గడ్డకట్టే చలిలో కూడా ఏళ్ల తరబడి 6 వోల్టులతోనే లేచి పనిచేశాయి. ఒకే పనికి వోల్టేజి సగమైతే కరెంటు రెట్టింపు కావాలి, కరెంటు రెట్టింపైతే ఒకే తీగలో వృథా అయ్యే శక్తి నాలుగు రెట్లవుతుంది. అందుకే 6 వోల్టుల ట్రాక్టరుకు బొటనవేలంత లావు బ్యాటరీ కేబుళ్లు, చిలుము లేని బిగుతైన కొసలు తప్పనిసరి. 12 వోల్టుల కార్ల కోసం అమ్మే సన్నని కేబులు తగిలించి, ఎర్త్ కొసను రంగు పూసిన ఇనుము మీద బిగించి, నెపం వోల్టేజి మీద వేయడం న్యాయం కాదు. వోల్టేజి పెంచితే ఆ లోపం కొంతకాలం మరుగున పడుతుంది, అంతే.

జ్వలన వలయం, అంటే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టించే విద్యుత్ మార్గం, స్వభావరీత్యా సరళమైనది. బ్యాటరీ నుంచి కరెంటు తాళం స్విచ్ గుండా కాయిల్‌లోని లావు తీగ చుట్టలోకి వెళ్లి, డిస్ట్రిబ్యూటర్‌లోని సీబీ పాయింట్ల ద్వారా, అనగా కామ్ తిరిగే కొద్దీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న లోహపు జత ద్వారా, ఎర్త్ చేరుతుంది. పాయింట్లు మూసి ఉన్నంతసేపు కాయిల్‌లో అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. అవి తెరుచుకున్న క్షణంలో ఆ క్షేత్రం కూలిపోయి, సన్న తీగ చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు సందును దాటుతాయి. తెరుచుకునేటప్పుడు పాయింట్ల మధ్య మంట లేవకుండా కరెంటును తనలోకి తీసుకుని, క్షేత్రం చప్పున కూలేలా చేసేది కండెన్సర్.

ఈ పాయింట్లు సుమారు 4 ఆంపియర్ల కరెంటును నిబ్బరంగా మోయగలవు. 1.5 ఓమ్‌ల నిరోధం ఉన్న కాయిల్‌కు 6 వోల్టులు ఇస్తే సరిగ్గా 4 ఆంపియర్లు పారుతాయి. అదే కాయిల్‌కు 12 వోల్టులు ఇస్తే 8 ఆంపియర్లు పారి, వేడి నాలుగింతలై, పాయింట్లు మాడి, కాయిల్ లోపలి తారు కరిగి కారుతుంది. దీనికి విరుగుడు రెండు విధాలు: కాయిల్‌కు ముందు మరో 1.5 ఓమ్‌ల రెసిస్టర్, అంటే కరెంటును అదుపు చేసే పింగాణీ దిమ్మ, చేర్చడం, లేదా 3 ఓమ్‌ల కాయిల్‌ను నేరుగా వాడటం. రెండూ కలిపి చేసినవారు కూడా ఉంటారు. అప్పుడు మొత్తం నిరోధం 4.5 ఓమ్‌లై కరెంటు 2.7 ఆంపియర్లకు పడిపోతుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ 10 వోల్టులకు దిగిందంటే అది 2.2కు చేరుతుంది. నడుస్తున్నప్పుడు పరవాలేదనిపించి, పొద్దున్నే స్టార్టు కాని ట్రాక్టర్లలో ఈ జంట మార్పును తప్పక అనుమానించాలి. పైగా ఇంజను ముందు భాగంలో డిస్ట్రిబ్యూటర్ ఉన్న 9ఎన్, 2ఎన్, తొలినాళ్ల 8ఎన్‌లలో 6 వోల్టుల రోజుల నుంచే డ్యాష్‌బోర్డు వెనుక ఒక రెసిస్టర్ ఉండేది కనుక, కాయిల్ మీద ముద్రించిన వోల్టుల అంకెను నమ్మి లెక్క వేయకూడదు. తీగలు విడదీసి మీటరుతో ఓమ్‌లు కొలవాలి. మార్పు చేసిన వ్యక్తి ఆ అంకెలను ఒక కాగితం మీద రాసి బ్యాటరీ మూత లోపల అంటించి ఉంటే తరువాతివారికి ఈ శ్రమ తప్పేది. ఆ పని చేయకపోవడం చిన్న విషయం కాదు, పనిని సగంలో వదిలేయడమే.

ఇక పరీక్ష సంగతి. రెసిస్టర్ ఉన్న వలయంలో, మల్టీమీటరు ఒక కొసను ఇంజను మీది శుభ్రమైన లోహానికి, రెండవ కొసను కాయిల్‌కు కరెంటు వచ్చే మరకు తాకించి, తాళం తిప్పి, మరొకరిచేత ఇంజనును కొద్దికొద్దిగా తిప్పించాలి. పాయింట్లు తెరుచుకుని ఉన్నప్పుడు కరెంటు పారదు, కరెంటు పారనప్పుడు రెసిస్టర్ వద్ద వోల్టేజి తగ్గదు, కాబట్టి మీటరు బ్యాటరీ వోల్టేజినంతా చూపాలి. పాయింట్లు మూసుకోగానే అది దాదాపు సగానికి, అంటే 6 వోల్టుల దగ్గరికి దిగాలి. ఈ ఎగుడుదిగుడు సక్రమంగా ఉంటే తక్కువ వోల్టేజి మార్గం బాగున్నట్లే. వెతకవలసినది కాయిల్ సన్న చుట్టలో, కండెన్సర్‌లో, రోటర్‌లో, డిస్ట్రిబ్యూటర్ మూతలో. అసలేమీ రాకపోతే స్విచ్ గాని రెసిస్టర్ గాని తెగింది. ఎప్పుడూ 12 వోల్టులే చూపుతూ ఉంటే పాయింట్లు మూసుకున్నా కరెంటు దాటడం లేదని అర్థం: చాలాకాలం షెడ్డులో నిలిచిన ట్రాక్టరులో పాయింట్ల ముఖాల మీద కంటికి ఆనని పొర పేరుకుని ఉంటుంది. ఎమిరీ కాగితంతో రుద్దితే దాని గరుకు రేణువులు లోహంలో నాటుకుంటాయి గనుక సన్నని ఆకురాయితో ఒకటి రెండుసార్లు గీసి, ఫీలర్ గేజితో సందు సరిచేయాలి. ముందువైపు డిస్ట్రిబ్యూటర్‌కు అది 0.015 అంగుళం, 1950లో వచ్చిన పక్కవైపు డిస్ట్రిబ్యూటర్‌కు 0.025 అంగుళం. రెసిస్టర్ లేకుండా 3 ఓమ్‌ల కాయిల్ ఉన్నచోట ఇదే కొలతను కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే కొస దగ్గర తీయాలి; అక్కడ తెరిచినప్పుడు 12, మూసినప్పుడు సున్నాకు చేరువగా రావాలి.

అన్నింటికంటే తికమక పెట్టేది, ఎప్పుడూ 6 వోల్టులే చూపే స్థితి. పాయింట్లు తెరుచుకున్నా కరెంటు మరో దారిన ఎర్త్‌కు జారిపోతున్నదని దాని భావం. ముందువైపు డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ పైననే కూర్చుని, దాని అడుగున ఉన్న చిన్న స్ప్రింగు పాయింట్ల ఇత్తడి కొసను తాకుతుంది. లోపలి సన్నని రాగి పట్టీ బిగింపులో కాస్త వంగి డిస్ట్రిబ్యూటర్ గోడకు ఆనుకున్నా, అక్కడి ఇన్సులేషన్ ముక్క పగిలినా, కొత్త కండెన్సరే లోపల కలిసిపోయి ఉన్నా, ఫలితం ఒక్కటే. ఈ నమూనాలో రెండు బోల్టులు విప్పితే డిస్ట్రిబ్యూటర్ మొత్తం చేతిలోకి వస్తుంది. దాన్ని బల్ల మీద పెట్టి, పాయింట్ల మధ్య ఒక అట్టముక్క దూర్చి, ఇత్తడి కొసకూ గోడకూ మధ్య నిరోధం కొలిస్తే దోషి దొరుకుతుంది. కామ్‌షాఫ్టులో అమరే నాలుక మధ్యకు కాకుండా ఒక పక్కకు జరిపి చేసి ఉంటుంది కనుక తిరిగి బిగించేటప్పుడు తలకిందులు చేసే ప్రమాదం లేదు. ఆనాటి ఇంజనీర్ల ఈ ముందుచూపు మెచ్చుకోదగినది.

ఎర్త్ ధ్రువం మరొక చిక్కు. ఈ ట్రాక్టర్లలో మొదట బ్యాటరీ ప్లస్ కొస ఎర్త్. ఆల్టర్నేటర్‌తో మైనస్ కొస ఎర్త్ అవుతుంది. సెల్ఫ్ మోటారులో రెండు చుట్టల్లోనూ కరెంటు దిశ ఒకేసారి మారుతుంది కనుక అది ఎప్పటిలాగే తిరుగుతుంది. గుండ్రటి కాయిల్ ఉన్నచోట మాత్రం మైనస్ గుర్తు కొసను డిస్ట్రిబ్యూటర్ వైపుకు మార్చాలి. మార్చకపోయినా నిప్పురవ్వ వస్తుంది గాని, ప్లగ్గు వేడి మధ్యకొసకు బదులు చల్లని అంచు నుంచి ఎలక్ట్రాన్లు దూకవలసి రావడంతో ఎక్కువ వోల్టేజి కావలసి వస్తుంది.

తాళం తీసినా ఇంజను ఆగకపోవడం చివరిది. మూడు తీగల ఆల్టర్నేటర్‌లో, దాన్ని మేల్కొలిపే సన్న తీగను తాళం స్విచ్ వద్దే కాయిల్ తీగతో కలిపితే, తాళం తీసిన తరువాత కూడా ఆల్టర్నేటర్ నుంచి కరెంటు ఆ తీగలో వెనక్కి నడిచి కాయిల్‌ను పోషిస్తుంది. చాలామంది స్విచ్ చెడిందనుకుని కొత్తది వేస్తారు, ఫలితం ఉండదు. ఆ తీగలో కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడును, దాని మీది గీత ఆల్టర్నేటర్ వైపు ఉండేలా కలిపితే చాలు; డయోడుకు బదులు డ్యాష్‌బోర్డు మీద చిన్న బల్బు పెడితే ఇంజనూ ఆగుతుంది, ఛార్జింగు ఆగిపోయిన రోజున ఆ బల్బు వెలిగి సంగతి తెలుపుతుంది.