బాలింత కన్నీరు

తొలి కాన్పు పుట్టింటి బాధ్యత. బంటుమిల్లి ప్రాంతపు గ్రామాలలో నేటికీ ఆ బాధ్యతను శ్రద్ధగా నిర్వహించే కుటుంబాలకు కొదువ లేదు. బాలింతకు వేడినీళ్ల స్నానం, చెవులలో దూది, నడికట్టు, పాతబియ్యపు అన్నం, కాయం, వెల్లుల్లి కారం - దేనికీ లోటు రానీయరు. ఇంత శ్రద్ధ వహించే ఇంటిలోనే, ఆమె కంట నీరు పెట్టుకొంటే, "పచ్చి బాలింతరాలివి, ఏడవకూడదమ్మా" అని ఒక్క మాటతో సరిపుచ్చుతారు. దేహానికి పథ్యం ఉన్నది. మనస్సుకు మాత్రం మందలింపే మిగిలినది.

ఆ కన్నీరు అన్ని వేళలా ఒకటి కాదు. కాన్పయిన మూడు నాలుగు రోజులకు అకారణంగా దుఃఖం పొంగడం సగం మందికి పైగా తల్లులలో కనిపించేదే. రెండు వారాలలో అది తనంతట తగ్గిపోతుంది. తగ్గకపోతే వ్యాధిగా ఎంచవలె. బిడ్డ నిద్రించినా తల్లికి నిద్ర రాదు, అన్నం సహించదు, బిడ్డపై మమకారం కలుగలేదని తన్ను తానే నిందించుకొంటుంది, చావు తలపులు కూడా రావచ్చు. భారతదేశంలో నూటికి సుమారు 22 మంది తల్లులలో ఈ కుంగుబాటు ఉన్నదని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన సమీక్ష తేల్చినది. వేయిమందిలో ఒకరిద్దరికి ఉన్మాదమే కలుగుతుంది. దానిని గాలి సోకినదని భ్రమించి తాయెత్తులతో కాలయాపన చేయడం తల్లీబిడ్డల ప్రాణాలకే ముప్పు. ఆమెను ఆనాడే ఆసుపత్రికి చేర్చవలె.

"పూర్వం పదిమందిని కన్నవారికి లేని జబ్బులా ఇవి?" అని పెద్దలు ప్రశ్నించవచ్చు. ఫ్రెంచి వైద్యుడు లూయీ విక్టర్ మార్సే గర్భిణుల, బాలింతల ఉన్మాదంపై 1858లోనే గ్రంథం ప్రకటించాడు. జబ్బు కొత్తది కాదు. చెప్పుకొనే అవకాశమే ఆనాటి తల్లులకు లేకపోయినది. దీనికి దేహంలోని మార్పులు మాత్రమే కారణం కావు. పేదరికం, భర్త పెట్టే హింస, ఆడపిల్ల పుట్టినదన్న అసంతృప్తి కూడా తల్లిని కుంగదీస్తాయని గోవాలో జరిగి 2002లో వెలువడిన పరిశోధన తెలిపినది. పురిటిమంచం వద్ద "మళ్లీ ఆడపిల్లేనా?" అని నిట్టూర్చేవారు ఈ సంగతి గ్రహించవలె.

చికిత్స ఉన్నది. పాలిచ్చే తల్లులకు తగిన మందులను వైద్యులు ఎంచి ఇవ్వగలరు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్‌లో తల్లీబిడ్డలను వేరుచేయకుండా చికిత్స చేసే విభాగం 2009లో ఏర్పడినది. అంతదూరం పోనక్కరలేని వారికి 14416 సంఖ్యకు ఫోను చేస్తే ఉచితంగా సలహా లభిస్తుంది. ఆసుపత్రి కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42 రోజులలో ఆశా కార్యకర్త ఇంటికి రావడం నియమం. బిడ్డ బరువు చూచిన పిమ్మట, "నీ మనసెట్లా ఉన్నదమ్మా?" అని తల్లిని అడిగి, ఆమె జవాబును ఓపికగా వినడానికి కొత్త భవనాలు అక్కరలేదు.

పాఠశాలలో ప్రసవాన్ని గురించిన బోధన శిశుజననంతో ముగియరాదు. ఈనాటి విద్యార్థులే రేపటి తల్లులు, భర్తలు, అన్నదమ్ములు. ఇంటిలో బాలింత ఏడిస్తే ఏడవవద్దనడం కాక, ఎందుకని అడగడం వారు నేర్చినట్లయితే, ఆ పాఠం సార్థకమే.