హైబ్రిడ్ కారు ఒట్టి కరెంటు మీద ఎంత దూరం పోతుంది? లెక్క చూసుకుందాం



ఈ మధ్య వైట్‌ఫీల్డ్‌లో మన తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా కార్ల కబుర్లే. హైబ్రిడ్ కొనాలా, పూర్తి ఎలక్ట్రిక్ కొనాలా అన్నది ప్రశ్న. వెంటనే ఎవరో ఒకరు అనే మాట: "హైబ్రిడ్ సగం దూరం కరెంటు మీదే పోతుందట కదండీ, ఇంక ఛార్జింగ్ గొడవ మనకెందుకు?" ఈ మాటలో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజాన్ని నమ్ముకుని ఇరవై, ముప్ఫై లక్షలు పెట్టేముందు మిగతాది కూడా తెలుసుకోవాలని మా అభిప్రాయం.

ముందు రకాల సంగతి. హైబ్రిడ్ అని పేరున్నవన్నీ ఒకటి కావు. మారుతి సియాజ్, ఎర్టిగాల మీద "స్మార్ట్ హైబ్రిడ్" అని చూశాం కదా, అది మైల్డ్ హైబ్రిడ్. అందులో చిన్న మోటారు ఇంజనుకు కాస్త చేయి అందిస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజనును మళ్ళీ లేపుతుంది, అంతే. ఒట్టి కరెంటు మీద అది పోయే దూరం సున్నా. రెండోది స్ట్రాంగ్ హైబ్రిడ్. టొయోటా ఇన్నోవా హైక్రాస్, మారుతి ఇన్విక్టో, హోండా సిటీ హైబ్రిడ్ ఈ కోవలోవి. హైరైడర్, గ్రాండ్ విటారాల్లో మాత్రం మైల్డ్, స్ట్రాంగ్ రెండూ ఉన్నాయి, కాబట్టి వేరియంట్ పేరు చూసుకోకుండా అడ్వాన్స్ కట్టకండి. మూడోది ప్లగ్-ఇన్ హైబ్రిడ్, దాని సంగతి తర్వాత.

స్ట్రాంగ్ హైబ్రిడ్ లెక్క ఏమంత కష్టం కాదు. హైరైడర్ బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్లు. కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే ముప్పావు యూనిట్. ఆ సైజు ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కి ఆరేడు కిలోమీటర్లు పోతుంది. అంటే బ్యాటరీ మొత్తం వాడినా ఐదు కిలోమీటర్లు. కానీ మొత్తం వాడనివ్వరు. బ్యాటరీ పదేళ్ళు నిలవాలని కారులోని కంప్యూటర్ దాన్ని పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయదు. మధ్యలో ఉన్న సగం మాత్రమే ఆడుతూ ఉంటుంది. మిగిలేది రెండు, రెండున్నర కిలోమీటర్లు. హోప్‌ఫారం నుంచి ఐటీపీఎల్ దాకా అనుకోండి. అదీ నెమ్మదిగా పోతేనే. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజను లేస్తుంది. హైక్రాస్ బ్యాటరీ రెట్టింపు పెద్దది, 1.6 యూనిట్లు. కానీ బండీ బరువే, కాబట్టి అదీ మూడు నాలుగు కిలోమీటర్ల బండే.

మరి "60 శాతం కరెంటు మీదే" అన్న మాట ఎక్కడిది? ఐక్యాట్ అనే పరీక్షా సంస్థ ఫలితాలంటూ టొయోటా చెప్పే లెక్క అది: ప్రయాణించిన దూరంలో 40 శాతం, సమయంలో 60 శాతం ఇంజను ఆగి ఉంటుందని. అది అబద్ధం కాదు. కుందలహళ్ళి గేటు దగ్గర పది నిమిషాలు ఇరుక్కున్నప్పుడు ఇంజను ఆగి ఉంటే, ఆ పది నిమిషాలూ "సమయం"లోకే వస్తాయి, కదిలినా కదలకపోయినా. ఆ రెండు కిలోమీటర్లే ముక్కలు ముక్కలుగా రోజుకి పాతికసార్లు పోతుందన్నమాట. అయితే ఆ కరెంటు ఎక్కడిదో మర్చిపోకూడదు. ఈ కారుకి ప్లగ్ లేదు. ప్రతి యూనిట్టూ పెట్రోలు బంకులో మనం పోయించుకున్నదే. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయేదాన్ని ఇది వెనక్కి పట్టుకుంటుంది, ఇంజనుకు నష్టమైన చోట దాన్ని ఆపేస్తుంది. గొప్ప పొదుపే. కానీ పొదుపు వేరు, ఇంకో సంపాదన వేరు.

అందుకే ఆగుతూ కదులుతూ పోయే వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్‌కి ఇది నిజంగా తగిన బండి. అదే బండిని హోస్కోటే దాటించి కోలార్, పలమనేరు మీదుగా తిరుపతి తీసుకెళ్ళండి. వందలో పోతున్నప్పుడు పని ఎక్కువగా ఇంజనుదే. తిరుమల కొండ దిగేటప్పుడు చూడండి, ఇంకా బాగా అర్థమవుతుంది. పైనుంచి కిందికి వందల మీటర్లు. మనుషులతో కలిపి టన్నున్నర బండి అంత ఎత్తు దిగితే దాదాపు మూడు యూనిట్ల శక్తి విడుదలవుతుంది. గాలికి, టైర్లకు, మోటారుకు పోయింది పోగా యూనిట్‌కి పైనే పట్టుకోవచ్చు. కానీ ఈ బ్యాటరీలో చోటు అర యూనిట్ కూడా లేదు. కొండ సగం దిగకముందే అది నిండిపోతుంది. మిగతాదంతా ఇంజను బ్రేకింగ్‌కి, బ్రేకు ప్యాడ్లకి సమర్పయామి.

ప్రభుత్వం కూడా దీన్ని ఎలక్ట్రిక్ కింద లెక్కపెట్టడం లేదు. ఆకుపచ్చ నంబరు ప్లేటు రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎలక్ట్రిక్ కారుకి జీఎస్టీ 5 శాతమైతే పైన చెప్పిన స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకి 40 శాతం. రోజూ వాడకం ఖర్చు చూసినా అంతే. లీటరు వంద దాటిన పెట్రోలుతో ఊళ్ళో ఇరవై మైలేజీ వస్తే కిలోమీటరుకి ఐదు రూపాయలు. ఇంట్లో ఆరు రూపాయల యూనిట్‌తో నడిచే ఎలక్ట్రిక్‌కి ఒక్క రూపాయి.

నిజంగా యాభై, అరవై కిలోమీటర్లు కరెంటు మీద పోయేది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. అమెరికాలో మనవాళ్ళు నడిపే వాటిలో 2023 ప్రియస్ ప్రైమ్ 44 మైళ్ళు, అంటే 70 కిలోమీటర్లు పోతుంది. ఇక్కడ ఇవి ఖరీదైన దిగుమతి బ్రాండ్లకే పరిమితం. రేపు చవగ్గా వచ్చినా ఒక తిరకాసు ఉంది. యూరోపియన్ కమిషన్ 2024లో రోడ్డు మీది లెక్కలు తీస్తే, ప్లగ్-ఇన్ కార్ల కాలుష్యం ల్యాబ్ లెక్క కంటే మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. ముఖ్య కారణం, జనం అనుకున్నంతగా ఛార్జ్ చేయకపోవడం. ప్లగ్ ఉన్న కారు కొని ప్లగ్ పెట్టకపోతే అది బరువైన పెట్రోలు కారే.

అంటే తిరిగి తిరిగి సమస్య మన పార్కింగ్ దగ్గరికే వచ్చింది. మనలో చాలామంది హైబ్రిడ్ వైపు చూసేది దాని మీద మోజుతో కాదు, కింద పార్కింగ్‌లో ఒక సాకెట్ పెట్టుకోనివ్వరు కాబట్టి. అద్దెకున్నవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. లోడు చాలదని, నిప్పు భయమని, ఎవరి కరెంటు ఎవరు కడతారని అపార్ట్‌మెంట్ మీటింగుల్లో వచ్చే అభ్యంతరాలు కొట్టిపారేసేవి కావు. కానీ మూడింటికీ మందుంది. విడి కేబులు, ఎంసీబీ, సబ్-మీటరు, రాత్రి వంతులవారీ ఛార్జింగ్. పదిహేను ఆంపుల మామూలు సాకెట్ రాత్రి ఎనిమిది గంటల్లో ఇరవై యూనిట్లకు పైగా ఇస్తుంది. వైట్‌ఫీల్డ్ తిరుగుళ్ళకి అది రెండు మూడు రోజులకి సరిపోతుంది. ఇంటి దగ్గర ఉన్న కనెక్షన్ మీదే బండి ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లోనే ఉంది.

కాబట్టి మా మాట ఇది. ఛార్జింగ్‌కి దారే లేనివాళ్ళు, నెలకి రెండుసార్లు ఊరెళ్ళేవాళ్ళు స్ట్రాంగ్ హైబ్రిడ్ నిశ్చింతగా కొనుక్కోండి, మంచి మైలేజీ ఇచ్చే పెట్రోలు కారని తెలిసి కొనుక్కోండి. షోరూములో మూడే ప్రశ్నలు అడగండి: బ్యాటరీ ఎన్ని యూనిట్లు? ప్లగ్ ఉందా? ఇంజను లేవకుండా ఏకబిగిన ఎంత దూరం? మిగతావాళ్ళం ఈసారి అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగ్‌కి తప్పకుండా వెళ్దాం, సాకెట్ల విషయం అజెండాలో పెట్టిద్దాం. మీ అపార్ట్‌మెంట్‌లో ఇది ఇప్పటికే తేలి ఉంటే ఎలా తేలిందో, ఎంత ఖర్చయిందో కింద రాయండి. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉన్న మనవాళ్ళకి అది పనికొస్తుంది.