సమాన అవకాశాలను గూర్చి వివరింపుము

పదో తరగతి సోషల్ పేపర్లో ఐదు మార్కుల ప్రశ్నలా ఉంది కదూ ఈ హెడ్డింగు? నేను పెట్టింది కాదండీ. ఉప్పల్లో ఓ హోమ్ కేర్ ఆఫీసులో, మంచాన పడ్డవాళ్ళకి సేవ చేసే ఉద్యోగం కోసం వచ్చిన ఆడపిల్లల్ని అడుగుతున్న ప్రశ్న. అడగడం తప్పని నేననను. అడిగే నోటికి ఆ అర్హత ఉందా అన్నదే నా పేచీ.

ఉప్పల్ రింగు రోడ్డు నించి హబ్సిగూడ మీదుగా నాచారం దాకా ఓసారి వచ్చి చూడండి. "పేషెంట్ కేర్, ఆయాలు, ఇరవైనాలుగు గంటల సేవ" అనే కాగితాలు కరెంటు స్తంభాల నిండా. ఒకప్పుడు నాచారమంటే ఫ్యాక్టరీలూ, సైరన్లూ, కార్మికుల ఇ.ఎస్.ఐ. ఆసుపత్రీను. ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. ఫ్యాక్టరీల పక్కన మాత్రం అపార్టుమెంట్లు లేచాయి. మూడు పడగ్గదుల ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళు, డాలస్‌లో కొడుకు, బెంగళూర్లో కూతురు. ఎవరికైనా తుంటి ఎముక విరిగిందంటే ఆ స్తంభం మీది నంబరే దిక్కు. మా అత్తగారికి విరిగింది కనక నాకూ అదే దిక్కయింది.

మా వాచ్‌మన్ కూతురు ఏ.ఎన్.ఎమ్. ట్రైనింగు పూర్తి చేసింది. జనగామ వైపు వాళ్ళు. ఆ పిల్ల అలాంటి ఆఫీసుకే ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. ఏమడిగారే అంటే వేళ్ళు మడిచి చెప్పింది. పెళ్ళయిందా? ఎప్పుడు చేసుకుంటావు? చేసుకున్నాక మానేస్తావా? నైట్ డ్యూటీకి మీ నాన్న ఒప్పుకుంటాడా? ఇంటిపేరేమిటి? మీ తాత ఏం పని చేసేవాడు? (కులం పేరు తిన్నగా అడగడానికి మొహం చెల్లక తాత దాకా ప్రయాణం!) చర్చికి వెళ్తారా? ఇవన్నీ అయ్యాక ఆ పెద్దమనిషి కాగితం చూసుకుని, "ఈక్వల్ ఆపర్చునిటీస్ అంటే ఏమిటో వివరించు" అన్నాడట. ఈ పిల్ల నీళ్ళు నమిలింది. సోమవారం మళ్ళీ రమ్మన్నారు.

"ఆంటీ, సోమవారం గూడ గదే అడుగుతరంట. ఏం చెప్పాలె?" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఆ ప్రశ్న ఇంగ్లండు సరుకు. అక్కడి వృద్ధాశ్రమాల్లో ఉద్యోగానికి వెళితే అది మామూలుగా అడిగేదే. కానీ అక్కడ 2010లో సమానత్వ చట్టమొకటి చేశారు. వయసు, వైకల్యం, జాతి, మతం, పెళ్ళి, గర్భం - ఇలా తొమ్మిది సంగతులు లెక్కపెట్టి, వీటిని చూసి మనిషిని పక్కకి నెట్టకూడదన్నారు. ఉద్యోగం ఇస్తామని చెప్పకముందే జబ్బుల గురించి ఆరా తీయడానికీ హద్దులు పెట్టారు. ముందు అడిగేవాడి నోటికి కళ్ళెం వేసి, ఆ తర్వాతే ఆ ప్రశ్న చేతికిచ్చారు. మనవాళ్ళు కళ్ళెం అక్కడే వదిలేసి ప్రశ్న ఒక్కటీ తెచ్చుకున్నారు.

మన దగ్గర ఇలాంటి రగడ జరగలేదనుకోకండి. ఎల్.ఐ.సి. వాళ్ళు ఉద్యోగానికొచ్చిన ఆడవాళ్ళ చేత ఓ కాగితం నింపించేవారు. నెలసరి సరిగ్గా వస్తుందా, చివరిసారి ఏ తేదీన వచ్చింది, ఎన్నిసార్లు గర్భం దాల్చావు అని! ఒకావిడ ఆ కాగితంలో సరిగా చెప్పలేదని ఉద్యోగం ఊడబెరికితే ఆవిడ సుప్రీంకోర్టుకెక్కింది. 1991లో కోర్టు ఆవిణ్ణి తిరిగి తీసుకోమంది, ఆ ప్రశ్నలు తీసిపారెయ్యమంది. ఇంకా మనకి దగ్గరి సంగతి చెబుతాను. సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలో లెఫ్టినెంటుగా ఉన్న నర్సమ్మ ఒకరు పెళ్ళి చేసుకున్నారు. అదే నేరమైపోయి 1988లో ఆవిణ్ణి ఇంటికి పంపేశారు. అప్పటి రూలు అలా ఉంది మరి. అరవై లక్షలు నష్టపరిహారం ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. ముప్ఫై ఆరేళ్ళు! ఈ లోపల ఆవిడ ఎంతమంది రోగులకి సేవ చేసి ఉండేదో మీరే లెక్కవేసుకోండి.

అందుకే ఆ పిల్లకి బట్టీ పెట్టే జవాబు చెప్పలేదు. సమాన అవకాశమంటే అందర్నీ ఒకేలా చూడడం కాదమ్మా, పనికి కావలసిందేదో దాంతోనే అందర్నీ కొలవడం అన్నాను. నూట ముప్ఫై మెట్లెక్కి రమ్మని కాలు సరిలేని అమ్మాయికీ కాలున్న అమ్మాయికీ ఒకేలా చెప్పడం సమానత్వం కాదు. ఆ మనిషి కింద కూర్చుని ఇంటర్వ్యూ చెయ్యడం సమానత్వం. కదలలేని మనిషిని రెండేసి గంటలకి పక్కకి తిప్పడం తెలుసా, పుండు పడే ముందు చర్మం ఎలా ఎర్రబడుతుందో తెలుసా, ఇన్సులిన్ ఎంత ఎక్కించాలో చదువుకోగలదా, అర్ధరాత్రి పిలిస్తే విసుక్కోకుండా లేస్తుందా - ఈ ఉద్యోగానికి కొలబద్దలు ఇవీ. వీటిలో తాత వృత్తి ఎక్కడుందో చూపించమనండి.

ఇక్కడ ఒక పాఠకురాలు లేచి నిలబడుతుందని నాకు తెలుసు. "అలాగైతే మా అమ్మకి స్నానం చేయించడానికి మగ నర్సును పంపితే ఊరుకుంటావా?" అని. ఊరుకోను. ఒళ్ళు ఆవిడది, సిగ్గు ఆవిడది. స్నానానికి ఆడమనిషినే అడిగే హక్కు ఆవిడకుంది. పని స్వభావంలోంచి పుట్టిన షరతు అది. కానీ బెడ్‌పాన్ తీసే చేతికి ఏ కులం ఉండాలన్నది పని స్వభావంలోంచి పుట్టిందా? తీసేటప్పుడు ఎవరైనా ఫరవాలేదు, అదే చెయ్యి మంచినీళ్ళ గ్లాసందిస్తే మాత్రం "మా వాళ్ళయితే బాగుండును" - ఇదెక్కడి లెక్కండీ?

అసలు కోపం ఏజెన్సీ మీద కాదు, అందుకే ఇంత రాస్తున్నాను. ఆ పెద్దమనిషిని కదిపితే, "మాదేం లేదమ్మా, కస్టమర్లు అడుగుతారు" అంటాడు. ఆ కస్టమరెవరు? మనమే! "శాకాహారి అయి ఉండాలి, మన వాళ్ళయితే మంచిది, ఇంకా పెళ్ళి కానిదీ, మరీ అందంగా లేనిదీ..." అని ఫోన్లో చెప్పేది మగవాళ్ళు కాదు. ఆ పిల్లని తాత దాకా తవ్వింది ఆ ఆఫీసువాడే అయినా, గునపం చేతికిచ్చింది మనం.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. కులమూ మతమూ చూడకుండా సమాన అవకాశం ఇవ్వాలనే రాజ్యాంగం పదహారో అధికరణం సర్కారు కొలువులకే. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడా మగా తేడా చూపకూడదన్న 1976 నాటి సమాన వేతన చట్టం, 2025 నవంబరులో అమల్లోకొచ్చిన వేతనాల కోడ్‌లో కలిసింది. వికలాంగుల హక్కులకి 2016 చట్టముంది, సమాన అవకాశాల విధానం రాసిపెట్టుకొమ్మని ప్రైవేటు వాళ్ళకీ చెప్పింది. అంటరానితనం పేరుతో ఉద్యోగానికి అడ్డుపడితే 1955 చట్టం కింద నేరమే. కానీ మన హాల్లో సోఫా మీద కూర్చుని, కాఫీ తాగుతూ, నవ్వుతూనే "మీరేమిట్లు?" అని అడిగే ఆ గొంతు దాకా ఏ ఇన్‌స్పెక్టరొస్తాడు?

డబ్బు మనది, ఇల్లు మనది, మనకి నచ్చినవాళ్ళని పెట్టుకుంటామంటారా? నాచారం ఆసుపత్రిలో సెలైను ఎక్కుతుంటే నర్సమ్మ ఇంటిపేరు అడిగిన రోగిని నేను చూడలేదు. ప్రాణం మీదకొచ్చినప్పుడు గుర్తురానిది, కాస్త నెమ్మదించి ఇంటికి రాగానే ఎందుకు గుర్తుకొస్తుందో నాకు ఎవరైనా చెప్పాలి. మా అత్తగారికీ అదే చెప్పాను. ఆవిడకి ఎనభై రెండేళ్ళు, పోపుల డబ్బా ఎవరైనా ముట్టుకుంటే కన్నెర్ర చేసే మనిషి. రెండు రోజులు ముక్కు తిప్పుకుని, మూడో రోజున "దానికి నెమ్మదిగా తిప్పడం వస్తే చాల్లే" అన్నారు. మనకంటే పెద్దవాళ్ళే నయమేమో అనిపిస్తుంది ఒక్కోసారి, మనమే వాళ్ళ పేరు చెప్పుకుని తప్పుకుంటామేమో!

సరే, మొన్న ఏజెన్సీకి ఫోన్ చేశాను. "పేషెంటు బరువెంతమ్మా, ఏ అంతస్తు, లిఫ్టుందా" అని బాగానే అడిగాడు. ఆ తర్వాత, "కేస్ట్ ఏమైనా కావాలాండీ?" అన్నాడు, పప్పులో ఉప్పెంత అన్నట్టు. అక్కర్లేదు, ఆ గడి కొట్టెయ్యమన్నాను. "ఏదో ఒకటి నింపకపోతే కంప్యూటర్ తీసుకోదమ్మా" అన్నాడు. తీసుకునేదాకా ఫోను పెట్టనన్నాను.