ఉచితం అనుకున్న కమాండ్‌కు బిల్లు ఎవరు కడతారు?

కొత్తగా చేరిన ఇంజినీరు టెర్మినల్‌లో 'కోండా ఇన్‌స్టాల్' అని కొడతారు. కాసేపట్లో ప్యాకేజీలన్నీ దిగిపోతాయి. పైసా అడిగేవారు ఉండరు. అవి ఎక్కడి నుంచి దిగాయన్నదే అసలు ప్రశ్న.

ఒక్కో ప్రాజెక్టుకు కావాల్సిన పైథాన్ వెర్షన్‌ను, లైబ్రరీలను విడివిడిగా ఉంచే సాధనం కోండా. అది ఓపెన్ సోర్స్. కానీ అనకొండా సంస్థ ఇన్‌స్టాలర్ వాడి, సెట్టింగులు మార్చకపోతే ప్యాకేజీలు ఆ సంస్థ సొంత రిపాజిటరీ నుంచే వస్తాయి. 2020లో నిబంధనలు మారాయి. ఉద్యోగుల సంఖ్య 200 దాటిన వాణిజ్య సంస్థలు ఆ రిపాజిటరీ వాడాలంటే లైసెన్సు కొనాలి. 2024 ఆగస్టులో అనకొండా ఏకంగా ఇంటెల్‌పైనే అమెరికా కోర్టుకెక్కింది.

అనకొండాను తప్పుపట్టలేం. సర్వర్లు నడపాలన్నా, ప్యాకేజీలు పరీక్షించాలన్నా ఖర్చే. చిక్కు మన దగ్గరే ఉంది. హైదరాబాద్, బెంగళూరు ఐటీలో 200 మంది అంటే చిన్న కంపెనీ కిందే లెక్క. కమాండ్ కొట్టేవారు నిబంధనలు చదవరు. లైసెన్సులు చూసే విభాగానికి ఆ కమాండ్ కనబడదు. కొనుగోలు ఆర్డరు లేకుండానే బాధ్యత కంపెనీ నెత్తిన పడుతుంది.

దారి లేకపోలేదు. స్వచ్ఛంద డెవలపర్లు నడిపే 'కోండా-ఫోర్జ్' చానెల్ ఉచితం. మినీఫోర్జ్ ఇన్‌స్టాలర్ మొదటి నుంచీ దాన్నే వాడుతుంది. పాత ల్యాప్‌టాప్‌లలో చానెళ్ల జాబితా తీసి, 'డిఫాల్ట్స్' అని ఉంటే తొలగించాలి. ఈ తనిఖీ నోటీసు అందాక కాదు, ఉద్యోగి చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చిన రోజే జరగాలి.