రాజీనామా యెవరిది?

బంటుమిల్లి కృష్ణా డెల్టాకు కొసనున్న మండలము. వరిచేలు, చేపల చెరువులు, కాలువగట్లు దాటి చూచినచో చదువుకొన్న వానికి తగిన పని యచ్చట కొంచెమే. పట్టము పుచ్చుకొన్న బిడ్డ చేనికి పోవ నిష్టపడడు. పట్టణమునకు పోవుటకు ఇంటి పరిస్థితి యొప్పుకొనదు. ఇట్టి యిండ్లలో 2024 ఏప్రిలు మాసమున ఒక చిన్న కాగితము పెద్ద కలవరమును రేపినది. అది వాలంటీరు రాజీనామా పత్రము. సంతకము పెట్టవలెనా, మానవలెనా? తల్లి యొకటి చెప్పును, మేనమామ యొకటి చెప్పును, ఊరి నాయకుడు వేరొకటి చెప్పును. ఆ యలజడి యిప్పుడు చల్లారినది. కాని చాలని జీతమునకు, నిలుకడలేని కొలువునకు కట్టుబడి, ఉండుటయా విడుచుటయా యని తల్లడిల్లువారు నేటికిని మన యూళ్లలో పెక్కురు గలరు. కావున నాటి సంగతిని నిదానముగా విచారించుట యుక్తము.

2019 ఆగస్టు 15వ తేదీన వాలంటీరు వ్యవస్థ ఆరంభమైనది. గ్రామములలో ఏబది యిండ్ల కొకరు. నెలకు 5,000 రూపాయల గౌరవవేతనము. రాష్ట్రమున రెండున్నర లక్షలకు పైగా యువతీయువకులు ఇందు చేరిరి. 2020 ఫిబ్రవరి మొదలు ప్రతి నెల ఒకటవ తేదీన వృద్ధుల గడపకు పింఛను సొమ్ము చేర్చిరి. కోవిడు దినములలో ఇంటింటికి తిరిగి రోగుల వివరములు సేకరించిరి. 2021లో వారు వేతనము పెంచుడని యడుగగా, ఇది యుద్యోగము కాదు, సేవ యని ఏలినవారు బదులు చెప్పిరి. ఆ యేటి ఉగాదికి సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర యను బిరుదులు, వానితోపాటు నగదు బహుమానములు ఏర్పరచిరి. బిరుదులు వచ్చినవి, నెలవేతనము మాత్రము కదలలేదు.

నెలకు 5,000 అనగా దినమునకు ఇంచుమించు 167 రూపాయలు. 2023–24లో మన రాష్ట్రమున ఉపాధి హామీ పనికి కేంద్రము నిర్ణయించిన దినకూలి 272 రూపాయలు. పని వేళలు కొద్దిపాటివే యని కాగితముమీద వ్రాసి యుండవచ్చును. కాని పిలిచినప్పుడెల్ల పరుగెత్తవలసిన వానికి మరియొక పని యెవ్వ రిత్తురు? అయినను వా రేల విడువలేదు? ఎప్పటికైనను ఇది స్థిరపడునను ఆశ. ఉన్న యూరిలోనే తల్లిదండ్రులను కనిపెట్టుకొని యుండవచ్చునను తృప్తి. సచివాలయమున పనిచేయుచున్నాడని బంధువులు చెప్పుకొను మర్యాద. ఇందు సిగ్గుపడవలసిన దేదియు లేదు. అయితే జీతములో సగము రూపాయలై, తక్కిన సగము ఆశయైనప్పుడు, ఆ రెండవ సగము నిచ్చువాడు చేతిలో సొమ్ము లేకయే చెల్లింపగలడని తెలిసికొనవలెను.

2024 మార్చి 30వ తేదీన ఎన్నికల సంఘము వాలంటీర్లచేత పింఛను సొమ్ము పంపిణీ చేయింపరాదని యాజ్ఞాపించినది. వెనువెంటనే రాజీనామాలు వెల్లువెత్తినవి. నాటి పాలకపక్షపు నాయకులు పలుచోట్ల సంతకము పెట్టుడనిరి. ప్రతిపక్షముల కూటమి ఉగాదినాడు, తాము గెలిచినచో 10,000 రూపాయలిచ్చి కొనసాగించెదమని వాగ్దానము చేసినది. మే 13న ఎన్నికలు జరిగినవి, ప్రభుత్వము మారినది. జూలై 1న సచివాలయ సిబ్బంది యిండ్లకు పోయి పింఛనులు పంచిరి. రాజీనామా చేసినవారిలో కొందరు, తమచేత బలవంతముగా చేయించిరని పోలీసులకు మొరపెట్టుకొనిరి. చేయనివారు వాగ్దానమును నమ్మి కాచుకొనిరి. 2023 ఆగస్టు తరువాత వారి కొనసాగింపునకు ఉత్తరువులే లేవని ఆ యేడు నవంబరులో మంత్రి శాసనమండలిలో చెప్పెను. విడిచినవాడును విడువనివాడును ఒక్క గట్టుననే నిలువబడిరి.

ఇందులో మన మెవరిని నిందింపవలెను? రెండు పక్షములును ఆ యువకుని సంతకమును కోరినవేగాని వాని బ్రదుకును గూర్చి యోచింపలేదు. మా కంతకంటె ఎక్కువగా తోచు విచారము వేరొకటి గలదు. సంతకము పెట్టినవారిలో ఎందరో తామై నిర్ణయించుకొని పెట్టలేదు. పెట్టనివారిలో ఎందరో తామై నిర్ణయించుకొని మానలేదు. తన కొలువును తాను విడుచుట, తాను నిలుపుకొనుట యను స్వాతంత్ర్యమే వారి చేతినుండి జారిపోయినది. నష్టమున కెల్ల మూల మదియే.

ఈ ప్రాంతమునకు రాజీనామా క్రొత్తమాట కాదు. కోపల్లె హనుమంతరావుగారు న్యాయవాద వృత్తిని కాదని, 1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలకు తమ జీవితమును ధారవోసిరి. 1921–22లో గుంటూరు సీమయందు పెదనందిపాడు ఫిర్కాలో గ్రామోద్యోగులు మూకుమ్మడిగా కొలువులు విడిచిరి. కరణము, మునసబు లేనిదే శిస్తు వసూలు కాదు. కావున ఆ రాజీనామా దొరతనమును గడగడలాడించినది. వారు దేనిని విడుచుచున్నారో, దేనికొరకు విడుచుచున్నారో ఎరిగియే విడిచిరి. 2024 నాటి రాజీనామా వలన ఏ కచేరీపనియు ఆగలేదు. ఆగినది సంతకము పెట్టినవాని గౌరవవేతనము మాత్రమే. ఇంకొక భేదమును మరువరాదు. వెనుక భూమియో, చదువో, బంధుబలమో గలవాడు కొలువు విడుచుట వేరు. నెలకు అయిదువేలతో బియ్యము కొనువాడు విడుచుట వేరు. అట్టివానికి త్యాగమును బోధింపదలచినవాడు ముందుగా తన కంచమును చూచుకొనవలెను.

అయినచో నిర్ణయ మెట్లు చేయవలెను? ఒప్పందపు టుపాధ్యాయుడైనను, అతిథి అధ్యాపకుడైనను, ఔట్‌సోర్సింగు గుమాస్తా యైనను నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: నే నున్నది మంజూరైన పోస్టేనా? 2006లో ఉమాదేవి కేసున సుప్రీంకోర్టు, చిరకాలము పనిచేసినంత మాత్రమున తాత్కాలికోద్యోగికి స్థిరపడు హక్కు రాదని తీర్పు చెప్పినది. మంజూరైన పోస్టులలో పదియేండ్లు పనిచేసినవారిని ఒక్కమారు స్థిరపరచుటకు మాత్రము త్రోవ విడిచినది. మన రాష్ట్రము 2023లో చేసిన చట్టము 2014 జూన్ 2వ తేదీకి ముందు చేరిన ఒప్పందపు టుద్యోగులను ఉద్దేశించినది. 2024 డిసెంబరులో జగ్గో కేసున అదే సుప్రీంకోర్టు, ఉమాదేవి తీర్పును అడ్డుపెట్టుకొని దీర్ఘకాలము సేవచేసినవారికి అన్యాయము చేయరాదని పలికినది. కావున ఆశకు ఆధారము కొందరికి గలదు, కొందరికి లేదు. నీవు ఏ వరుసలో నున్నావో నీ నియామకపు కాగితమే చెప్పును. దానిని తీసి చదువుము.

రెండవది: ఈ పని నాకేమి నేర్పుచున్నది? కొలువు పోయిననాడు నాతో వచ్చు విద్య యేదైన నున్నదా? ఉన్నచో కొద్దిజీతమైనను అది పూర్తిగా నష్టము కాదు. లేనిచో గడచిన ప్రతి సంవత్సరమును వయస్సును తీసికొనిపోవుచున్నదేగాని మారుగా ఏమియు నిచ్చుట లేదు.

మూడవది: ఇంట ఎన్ని నెలల గ్రాసము గలదు, అప్పెంత? ఇది తెలియక కోపమున విడిచినవాడు మూడవ నెలలో ఇంతకంటె హీనమైన కొలువునకు తలయొగ్గవలసి వచ్చును. బందరు రేవు నిర్మాణము 2023లో ఆరంభమైనది; అందు పనులు దొరకునని చెప్పువారు పెక్కురు. దొరకుగాక! చేతికి వచ్చిన నియామక పత్రమును నమ్మి విడువవచ్చును. చెవినిబడిన వార్తను నమ్మి విడువరాదు.

నాలుగవది: ఈ రాజీనామాను కోరుచున్నది నేనా, మరియొకరా? మరియొకరైనచో, రేపటి నా యింటి ఖర్చు వారు భరింతురా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకునంతవరకు కలము మూయుడు.

విడువక నిలుచుటయు కొందరికి ధర్మమే. మంచముపట్టిన తండ్రి యుండవచ్చును. పరీక్షకు చదువుకొనుటకు ఈ కొద్దిజీతమే ఆధార మగుచుండవచ్చును. కాని నిలుచువాడు గడువు పెట్టుకొని నిలువవలెను. 2018 నాటి డీఎస్సీ ప్రకటన తరువాత నియామకముల దాక సాగిన పెద్ద ప్రకటన 2025లో గాని రాలేదు. అది 16,347 పోస్టులకు. నడుమ నేడేండ్లు! ఆ యేడేండ్లు ఒక్క ద్వారమునే చూచుచు కూర్చున్నవారి యౌవనమును ఎవ్వరు తిరిగి యిత్తురు? తాత్కాలికపు కొలువు రేవు దాటించు పడవ వంటిది. దాటుటకు మంచిదే, దానియందు కాపురము పెట్టరాదు.

పాలకులకును ఒక మాట. సమానమైన పని చేయు తాత్కాలికోద్యోగికి సమానవేతనము చెల్లవలెనని 2016లో జగ్జీత్ సింగ్ కేసున సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పినది. చేయించుకొనునది పనియైనచో పనికి తగిన కూలి నిండు. సేవయైనచో, ఏనాటికి ముగియునో మొదటి దినముననే వ్రాసి యిండు. పనిని సేవ యని పిలిచి, సేవకు ఆశను ఎరజూపి, ఎన్నికలు వచ్చినప్పుడు సంతకము లడుగుట ఏ పక్షమునకును గౌరవము కాదు.

తల్లిదండ్రులారా! ఉన్నదానిని వదలకుమని మీరు చెప్పుట వాత్సల్యముననే. కాని ఉన్న దేపాటిదో బిడ్డతో కూర్చుండి లెక్క చూడుడు. యువజనులారా! విడిచినను విడువకున్నను లోకము మీకు పేరు పెట్టును, దానికి వెరవకుడు. పత్రముమీద సంతకము మీది. దాని వెనుకనున్న నిర్ణయమును మీదియే కావలెను.