సీలింగులో హాలోజన్ల స్థానే ఎల్‌ఈడీలు.. బల్బు ఒక్కటే మారిస్తే చాలదు

విజయవాడ: అపార్టుమెంట్ల నిర్మాణం ఊపందుకున్న 2000 తరువాతి రోజుల్లో హాలుకు పీవోపీ సీలింగు చేయించి, అందులో గుండ్రని చిన్న దీపాలు పొదిగించుకోవడం కోస్తా పట్టణాల్లో ఒక ముచ్చటగా సాగింది. ఆ దీపాల్లో అధికభాగం 50 వాట్ల హాలోజన్లే. ముచ్చట తీరింది గానీ, అవి నేటికీ వెలుగుతున్న ఇళ్లలో బిల్లు మాత్రం తగ్గడం లేదు.

లెక్క కష్టమైనదేమీ కాదు. ఒక ఇంటిలో 12 హాలోజన్లు రోజుకు అయిదు గంటలు వెలిగితే మూడు యూనిట్లు, నెలకు 90 యూనిట్లు ఖర్చవుతాయి. అదే స్థానంలో 6 వాట్ల ఎల్‌ఈడీలుంటే నెలకు 11 యూనిట్లు మించవు. అంటే మిగులు 79 యూనిట్లు. శ్లాబుల విధానంలో ఈ మిగులు అట్టడుగు ధర నుంచి కాక, వినియోగదారుడు చెల్లిస్తున్న అత్యధిక ధర నుంచే తరుగుతుంది. 2022-23కు ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేసిన ధరల్లో 226-400 యూనిట్ల శ్లాబుకు యూనిట్ రూ.8.75. నెలకు 320 యూనిట్లు కాల్చే కుటుంబానికి ఆ ధర ప్రకారం మిగిలేది సుమారు రూ.690. సర్దుబాటు చార్జీల భారం తగ్గడం దీనికి అదనం.

ఇంత లాభం కళ్లెదుట ఉన్నా మార్పు సాఫీగా సాగకపోవడానికి కారణం ఉంది. ఎల్‌ఈడీ మన ఇళ్లలోకి ప్రభుత్వ పథకం ద్వారా ప్రవేశించింది. 2014లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఇంటికి రెండేసి 7 వాట్ల బల్బులను పది రూపాయల చొప్పున అందజేశారు. 2015 జనవరిలో ఇదే కార్యక్రమం దేశవ్యాప్తమై, తరువాత ‘ఉజాలా’గా పేరొందింది. 2014 ఆరంభంలో రూ.310 పలికిన కొనుగోలు ధర 2016 నాటికి రూ.38కి దిగివచ్చింది. నిస్సందేహంగా ఇది ఘనవిజయం. అయితే పథకం బల్బు రెండు చెవుల మామూలు హోల్డరుకు సరిపోయేది. సీలింగులోని హాలోజన్ గూటికి అది పనికిరాదు. ఆ గూళ్లున్న కుటుంబాలు బజారు మీదే ఆధారపడ్డాయి. పాతది తీసి కొత్తది బిగిస్తే సరిపోతుందనే అలవాటును మాత్రం వెంట తీసుకెళ్లాయి. చిక్కంతా ఇక్కడే.

హాలోజన్లు రెండు రకాలు. సన్నని రెండు పిన్నులను లోనికి గుచ్చేవి 12 వోల్టులవి. లావుపాటి గుబ్బలుండి మెలితిప్పి బిగించేవి నేరుగా 230 వోల్టులపై వెలిగేవి. రెండో రకానికి అదే అడుగున్న ఎల్‌ఈడీ తెచ్చి బిగిస్తే సరి. మొదటి రకానికి మాత్రం సీలింగు పైన, కంటికి కనబడని చోట, ఒక్కో దీపానికి ఒక్కో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాగి ఉంటుంది. 50 వాట్ల హాలోజన్ కోసం తయారైన ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్ సక్రమంగా పనిచేయాలంటే కనీస లోడు ఉండాలి. చాలావాటిపై ‘20-60 వాట్లు’ అన్న ముద్ర ఉంటుంది. దానికి 6 వాట్ల ఎల్‌ఈడీ తగిలిస్తే దీపం మినుకుమినుకుమంటుంది, లేదా అసలు వెలగదు. కొనుగోలుదారు బల్బు నాసిరకమని తలచి దుకాణానికి తిరిగివెళ్తాడు. అక్కడ మరొకటి ఇస్తారు. అదీ మినుకుతుంది. తప్పు బల్బుది కాదని చెప్పేవారు అరుదు. రాగితీగ చుట్టిన పాతకాలపు బరువైన ట్రాన్స్‌ఫార్మర్లతో ఈ బెడద తక్కువే.

పరిష్కారాలు రెండు. పాత ట్రాన్స్‌ఫార్మర్ తొలగించి ఎల్‌ఈడీకి తగిన 12 వోల్టుల డ్రైవర్ పెట్టించడం ఒకటి. ట్రాన్స్‌ఫార్మరును పూర్తిగా తప్పించి, హోల్డరు సైతం మార్చి, నేరుగా 230 వోల్టుల దీపం అమర్చడం రెండోది. రెండోది సులువు, భవిష్యత్తులో బల్బు దొరకడమూ తేలిక. ఏది ఎంచుకున్నా పనిని ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి, మెయిన్ ఆపి చేయించాలి. హాలోజన్ తన వేడిలో చాలాభాగాన్ని వెనుకకు, అంటే సీలింగు లోపలికే వదులుతుంది. ఏళ్ల తరబడి ఆ వేడి సోకిన తీగలపై తొడుగు పెళుసెక్కి, ముట్టుకుంటే రాలిపోయే స్థితికి చేరుతుంది. ఆ తీగలను అలాగే వదిలి కొత్త దీపం బిగించడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. కరెంటు ఆదా కన్నా ముందు చూసుకోవలసింది ఇది.

ఇక బల్బు ఎంపిక. దుకాణంలో ‘ఎన్ని వాట్లు’ అని అడగడం మనకు అలవాటు. వాట్లు ఖర్చును చెబుతాయే గానీ వెలుగును చెప్పవు. వెలుగుకు కొలమానం ల్యూమెన్లు. 12 వోల్టుల 50 వాట్ల హాలోజన్ సుమారు 500 ల్యూమెన్లిస్తుంది. పెట్టెపై ఆ అంకె లేని బల్బును పక్కన పెట్టడమే మేలు. వెలుగు విచ్చుకునే కోణమూ ముఖ్యమే. హాలోజన్ సాధారణంగా 36 డిగ్రీల్లో వెలుగును కుదించి పటంపైనో, భోజనాల బల్లపైనో పడేలా చేస్తుంది. 120 డిగ్రీల ఎల్‌ఈడీ పెడితే అదే వెలుగు గదంతా పలుచబడి, బల్ల వెలవెలబోతుంది. గది మొత్తానికి అవే దీపాలు ఆధారమైతే 60 డిగ్రీలు, ఆపైన కోణమే నయం.

రంగు విషయంలో మన ఇళ్లలో తెలుపుపై మక్కువ ఎక్కువ. హాలోజన్ 3000 కెల్విన్లకు చేరువైన పసిమి వెలుగు. దానికి అలవాటైన హాలులో ఒక్కసారిగా 6500 కెల్విన్ల కూల్ డేలైట్ వెలిగితే ఆసుపత్రి వరండాలా తోస్తుంది. 2700-3000 కెల్విన్ల వార్మ్ వైట్ పాత వెలుగుకు దగ్గరగా ఉంటుంది. వంటగదికి, చదువుల బల్లకు 4000 అనువైనది. సీఆర్‌ఐ అనే మరో అంకె రంగులు ఎంత యథాతథంగా కనిపిస్తాయో తెలుపుతుంది. హాలోజన్‌కు ఇది దాదాపు 100, మామూలు ఎల్‌ఈడీకి 80. పట్టుచీర ఎరుపు ఆ వెలుగులో కాస్త మసకబారినట్టుండటానికి కారణం అదే. అద్దం ముందు, బట్టల అలమర వద్ద 90 ఉన్న బల్బు పెట్టించుకోవడం ఉచితం.

‘25,000 గంటలు’ అన్న ప్రకటనను యథాతథంగా స్వీకరించనవసరం లేదు. ముందుగా పాడయ్యేది సాధారణంగా వెలుగునిచ్చే చిప్ కాదు, దాన్ని నడిపే డ్రైవర్. గాలి ఆడని గూటిలో వేడికి, వోల్టేజి హెచ్చుతగ్గులకు అది త్వరగా దెబ్బతింటుంది. కనుక బీఐఎస్ నమోదు గుర్తు, బీఈఈ స్టార్ లేబుల్, రెండేళ్లకు తగ్గని వారంటీ చూసి, బిల్లు అడిగి తీసుకోవాలి. గదిలో డిమ్మర్ ఉంటే ‘డిమ్మబుల్’ అని రాసి ఉన్నదే కొనాలి. మామూలు ఎల్‌ఈడీ దానితో గుయ్యిమంటుంది.

పన్నెండూ ఒకేసారి కొనేకన్నా, ముందుగా ఒక్కటి తెచ్చి వారంపాటు సాయంత్రాలు వెలిగించి చూడటం ఉత్తమం. సెల్‌ఫోన్ కెమెరాను దానివైపు తిప్పినప్పుడు తెరపై నల్లని చారలు పాకితే ఆ డ్రైవర్ నాసిరకమని అనుమానించవచ్చు.

బల్బుకు బదులు పాత గూడునే తీసేసి, మొత్తం ఎల్‌ఈడీ దీపాన్ని అమర్చే పద్ధతీ విస్తరిస్తోంది. ఇందులో వేడి బయటకు పోయే ఏర్పాటు మెరుగు. అయితే కొనేముందు సీలింగులోని రంధ్రం కొలవాలి. కొత్త దీపానికి అది చిన్నదైతే పీవోపీని కోయాలి, పెద్దదైతే అంచు పూడ్చి రంగు వేయించాలి. కోత పనికి పూనుకుంటే హాలులోని సామగ్రిపై ముందుగానే దుప్పట్లు కప్పుకోవాల్సి ఉంటుంది.