శిలపై అపరిచితులు

సముద్రమునుండి తెచ్చిన పగడపు రాతితునక నొకదానిని ఉప్పునీటి గాజుతొట్టెలో నుంచి, దీపమమర్చి, నీరు నిరంతరము కదలునట్లు పంపు పెట్టి, కొన్ని వారములు వేచియుండిన గృహస్థునకు, ఒకనాటి రాత్రి ఆ రాతి రంధ్రమునుండి, తాను కొననిదియు, కోరనిదియు, పేరైన నెరుగనిదియు నగు ప్రాణి యొకటి వెలికి వచ్చుట కంటబడును. అప్పు డాతడు వర్తకునో, తోటి ఔత్సాహికునో అడుగు మొదటి ప్రశ్న "ఇది యేమి?" అని కాదు; "దీనిని చంపవలెనా, ఉంచవలెనా?" అని. ఈ ప్రశ్నల వరుస తలక్రిందులైనదని నా అభిప్రాయము. కలిగినవారి వినోదమునకు సంబంధించిన యింత చిన్న సంగతికి వార్తాపత్రికలో చోటేల యని పాఠకులు శంకింపవచ్చును. కాని జంతుశాస్త్ర చరిత్రలో ఒక ప్రధానాధ్యాయము ఇట్టి తొట్టెగోడమీదనే ఆరంభమై, తొందరపడి పెట్టిన తప్పుపేరు మూలమున అరువది యేండ్లు మూతపడినది గనుక, ఈ చర్చ అంత తేలికగా త్రోసివేయదగినది కాదు.

లైవ్ రాక్ అని వర్తకులు వ్యవహరించు ఈ వస్తువు నిజమునకు చచ్చిన పగడముల అస్థిపంజరము, కాల్షియం కార్బొనేటు ముద్ద. దానికి జీవము దానిపైని, దానిలోపలి కాపురస్థులవలననే కలిగినది. చేపల విసర్జనలనుండి పుట్టు అమ్మోనియాను పైపొరలలోని సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చగా, ప్రాణవాయువు చొరరాని లోపలి సందులలోని మరికొన్ని సూక్ష్మజీవులు ఆ నైట్రేటును నత్రజనిగా విడగొట్టి గాలిలో కలుపును. ఇట్టి రాళ్లను, గాలిబుడగలను, ఎండవెలుతురును మాత్రమే నమ్ముకొని పగడములను తొట్టెలో పెంచిన విధానమును ఇండొనేషియా దేశస్థుడగు లీ చిన్ ఎంగ్ 1961లో ప్రకటించిన నాటినుండి, ఔత్సాహికులు రాతికి కాదు, రాతిలోని కాపురస్థులకే వెల యిచ్చుచున్నారు. కంటికి కనబడని కాపురస్థులకు సంతోషముతో సొమ్ము చెల్లించినవారు, వారిలోనే కొందరు కంటికి కనబడినంతనే వణకుట నాకు మిక్కిలి వింతగా తోచును.

కనబడువారి జాబితా చిన్నది కాదు. ఇరుప్రక్కల దట్టమైన శూకములతో జెర్రివలె ప్రాకు పురుగు మొట్టమొదట భయపెట్టునది. అట్లాంటిక్, కరీబియన్ జలములలో పగడములను కొరికితినుచు, చర్మములో విరిగి నిలిచి మంటపెట్టు శూకములు గల అగ్నిపురుగు ఒకటి కలదు. దాని అపకీర్తి చుట్టములందరికిని సోకినది గాని, తొట్టెలలో కనబడు శూకపురుగులలో పెక్కు చేపలు విడిచిన ఎంగిలిని, చచ్చినవాని కళేబరములను తిని బ్రతుకు పాకీపనివారే. గాజుమీద ఆవగింజంత తెల్లని చుట్టలు వెలసినచో నత్తలనుకొని గీకివేయుదురు. అవి నత్తలు కావు, సున్నపు గొట్టము చుట్టుకొని నీటిని వడపోసి బ్రతుకు నిరపాయమైన పురుగులు. రాతినుండి ముల్లువలె నిలిచిన గొట్టమును చూచి పురుగనుకొని ఊరకుందురు. అది పురుగు కాదు, వర్మెటిడ్ అను నత్త, జిగురుదారముల వల విసరి ఇరుగుపొరుగు పగడములను చికాకుపరచునది. నత్తవలె నున్నది పురుగు, పురుగువలె నున్నది నత్త యగుచోట, రూపము చూచి తీర్పు చెప్పువాని గతి యేమి? రాత్రివేళ రాతిలోనుండి టక్కుమను చప్పుడు వినబడినచో, పీతల డిప్పలను ఒక్క గ్రుద్దుతో పగులగొట్టు మాంటిస్ రొయ్య చేరినదని గుండెలు బాదుకొందురు. ఆ చప్పుడే చేయు పిస్టల్ రొయ్య, గోబీ చేపతో ఒకే బొరియలో కాపురము చేయుచు, చూపు మందమైన తనకు ఆ చేపనే కావలిగా నుంచుకొను సాధుజీవి కూడ కావచ్చును.

ఐప్టేసియా సంగతి మరింత విస్తరించి చెప్పదగినది. సగము పారదర్శకమైన గోధుమవన్నె కాండము, దాని కొనను సన్నని పొడవాటి స్పర్శకముల వలయము, తాకబోయినంతనే రంధ్రములోనికి ముడుచుకొను స్వభావము గల ఈ అనిమోన్ ఔత్సాహికులకు ఆగర్భశత్రువు. కోపముతో దానిని గీకివేయబోయినవాడు పరిణామమున పదింటికి తండ్రియగును. ఏలయనగా రాతికంటుకొనియున్న పాదభాగమునుండి చిరిగిపోయిన చిన్నతునకయు క్రొత్త అనిమోన్‌గా పెరుగగలదు. బెర్గియా అను సముద్రపు చిప్పలేని నత్త దీనిని మాత్రమే తిని బ్రతుకుచు, తిన్నదాని విషకోశములను జీర్ణము చేసికొనక తన వీపుమీది వ్రేళ్లవంటి కొనలలో దాచుకొని స్వరక్షణకు వాడుకొనును. ఇంతగా ద్వేషింపబడు ఈ జీవియే ప్రయోగశాలలలో అత్యంతాదరమునకు పాత్రమైనది. పగడములవలెనే ఇదియు తన కణములలో ఏకకణ శైవలములను పోషించుకొనును. పగడములవలె నాజూకుగా నుండక, ఎచ్చటనైనను పెరుగును. కావుననే సముద్రము వేడెక్కినపుడు పగడములు ఆ శైవలములను ఏల విడిచిపెట్టి తెల్లబారుచున్నవో తెలిసికొనగోరు శాస్త్రజ్ఞులు దీనిని శ్రద్ధతో పెంచుచున్నారు. దీని జన్యుపటము 2015లో ప్రకటింపబడినది. చీడ యనునది ప్రాణి లక్షణము కాదు, తొట్టె యజమాని అవసరము.

మరి ఎట్లు గుర్తించుట? వేదాంతులు చెప్పు రజ్జుసర్పభ్రాంతికి దీపము తెచ్చుటయే మందు. ఇచ్చట దీపము తెచ్చినచో, పామో త్రాడో తేలకమునుపే అది రాతిలోనికి దూరిపోవును. అందుచేత ఎరిగినవారు తొట్టె దీపములార్పి కొన్ని గడియలు గడచిన పిమ్మట, ఎర్రని పలుచని వెలుతురులో చూతురు. ఎర్రకాంతి పెక్కు సముద్రజీవులకు అంతగా తెలియదు. చూచినపుడు గమనింపవలసినది అందచందములు కాదు, నడవడి. రాతి కంటుకొనియున్నదా, కదలునదా? కదలునదైనచో జిగురుచార విడుచునా? తాకినపుడు ముడుచుకొనునా, మూతవేసికొనునా, పారిపోవునా? అంగములు కుడియెడమలుగా నున్నవా, చక్రపు ఆకులవలె చుట్టును ఉన్నవా? దాని దాపున నున్న పగడము నిజముగా క్షీణించినదా, లేక ఆ పగడము ముందే చచ్చుటచే ఇది తినవచ్చినదా? ఈ కడపటి ప్రశ్నను విడిచిపెట్టుటచే ఎన్నో శూకపురుగులు నేరము చేయకయే శిక్ష ననుభవించినవి. శవముకడ నున్నవాడెల్ల హంతకుడు కాడు.

ఇంత చూచినను పలుమారు కుటుంబము పేరువరకే చెప్పగలము గాని జాతి పేరు చెప్పజాలము. స్పంజిని నిర్ణయించుటకు దానిలోని సూక్ష్మమైన సూదులను, పురుగును నిర్ణయించుటకు శూకముల ఆకృతిని సూక్ష్మదర్శినిక్రింద చూడవలయును. ఛాయాచిత్రములో అవి కానరావు. 2003 నుండి ప్రచారములోనికి వచ్చిన డి.ఎన్.ఎ. బార్‌కోడ్ పద్ధతి చేపలకు, కీటకములకు చక్కగా పనికివచ్చినను, పగడములలోను, అనిమోన్లలోను ఆ పద్ధతికి ఆధారమగు జన్యుభాగము మిక్కిలి మెల్లగా మారునది గనుక దగ్గరి జాతులను వేరుచేయలేక తడబడును. అట్లయ్యు, మబ్బుగానున్న ఫొటో నొకదానిని చూపినంతనే క్షణములో శాస్త్రీయనామమును, దానితోపాటు మరణశిక్షను వినిపించువారు ఎల్లప్పుడును సిద్ధముగా నుందురు. ఫోనులోని యంత్రబుద్ధియు ఇటీవల వీరి సరసన చేరినది.

ఇక ముందు చెప్పిన చరిత్ర. 1883లో ఆస్ట్రియాలోని గ్రాట్జ్ నగరమున ఫ్రాంజ్ ఐల్‌హార్డ్ షుల్జె అను జంతుశాస్త్రాచార్యుడు, సముద్రపునీటి అక్వేరియపు గాజుగోడమీద రెండుమూడు మిల్లీమీటర్ల వెడల్పు గల ఒక పలుచని మరకవంటి దానిని గమనించెను. దానికి తల లేదు, నోరు లేదు, జీర్ణకోశము లేదు, నరములు లేవు. ఆకారముగూడ నిలకడ లేనిదై, ఎటు చూచిన అటు ప్రాకుచుండెను. ఆహారముమీద పరచుకొని, అడుగుప్రక్కనుండి రసములు స్రవింపజేసి, దేహము వెలుపలనే జీర్ణించుకొని పీల్చుకొనుచుండెను. షుల్జె దానికి ట్రైకోప్లాక్స్ అని పేరిడి, తెలిసిన ఏ జంతువర్గముతోను ఇది పొసగదని నిజాయితీతో వ్రాసెను. కాని 1907లో క్రుంబాఖ్ అను మరియొకడు, ఇది క్రొత్తజీవి కానేకాదు, జెల్లీచేపల చుట్టమగు ఒక హైడ్రోజోవా యొక్క శిశురూపము మాత్రమే యని ప్రకటించెను. ఈ తీర్పు సులభముగ నుండెను; సులభమైనది గనుకనే పాఠ్యగ్రంథములలోని కెక్కెను. అంతటితో ఆ జీవిని చూచువారే లేకపోయిరి. పేరు తెలిసినదాని కొరకు వెదకువాడెవడు? 1960 దశాబ్దమున జర్మను పండితుడు కార్ల్ గ్రెల్ దానిని మరల పట్టి, పెంచి, పరిశీలించి, 1971లో దానికొక ప్రత్యేక మహావర్గమునే, ప్లాకోజోవా యను పేర, నెలకొల్పెను. 2008లో వెలువడిన దాని జన్యుపటములో సుమారు పదునొకండున్నర వేల జన్యువులు కనబడెను. నరములే లేని ప్రాణిలో నరముల నిర్మాణమునకు సంబంధించిన జన్యువులు పెక్కు కనబడుట పండితులను నేటికిని ఆలోచింపజేయుచున్నది. ఈ ప్లాకోజోవాలు అరుదైనవి కావు. గాజుపలకను నీట వ్రేలాడదీసినచో వచ్చి అంటుకొనును. సామాన్యుల తొట్టెలలోను తిరుగుచునే యున్నవి. పేరులేనిదానిని మనము చూచుచుందుము, తప్పుపేరు పెట్టినదానిని చూచుట మానివేయుదుము. ఈ రెండింటిలో మొదటి స్థితియే జ్ఞానమునకు దగ్గర.

దీనినిబట్టి, కనబడిన ప్రతిప్రాణిని దయతో పోషింపుమని నేను చెప్పుచున్నట్లు తలపవలదు. ఇంగ్లండులోని న్యూకీ పట్టణపు బ్లూ రీఫ్ అక్వేరియములో పగడములు కోసినట్లు తెగిపడుచుండగా, చేపలు గాయపడుచుండగా, అచ్చటి సిబ్బంది నెలలకొలది అనుమానించి, ఎరలు పెట్టి, తుదకు 2009లో తొట్టెలోని రాళ్లన్నియు ఊడదీసిచూడ, సుమారు నాలుగడుగుల పొడవు గల యూనిసిడ్ అను శూకపురుగు బయటపడినది. దానికి బారీ యని ముద్దుపేరు పెట్టి వేరు తొట్టెలో నుంచిరి. అంతకంటె గొప్ప భయము రంగురంగుల గుండీలవలె రాతిపై పరచుకొను జోయాంథిడ్లవలన కలదు. వీనిలో కొన్నిటియందుండు పాలిటాక్సిన్ ప్రకృతిలోని అతి తీక్ష్ణవిషములలో నొకటి. హవాయి దీవులలోని పాలితోవా అను జోయాంథిడ్‌నుండి ఈ విషమును 1971లో వేరుచేసిరి. అక్కరలేని జీవులను చంపుటకై అట్టి రాతిని వంటయింటిలో మరిగించి, ఆ ఆవిరి పీల్చి ఇల్లిల్లంతయు ఆసుపత్రిపాలైన ఉదంతములు పలుదేశములలో నమోదైనవి. చంపదలచినవానికి సైతము ముందు ఎరుక కావలెను.

ఆ ఎరుక ఇచ్చువారెవరు? మనకు ఆ సంప్రదాయము లేకపోలేదు. వాల్తేరులో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు జంతుశాస్త్రశాఖ నాచార్య పి. ఎన్. గణపతి నడిపిన 1950, 60 దశాబ్దములలో, ఆయనయు, ఆయన శిష్యులును విశాఖ నౌకాశ్రయమున మునుగువస్తువుల కంటుకొను జీవుల జీవితచరిత్రలను పరిశోధించిరి. వాల్తేరు తీరపు ఇసుకరేణువుల నడిమి నీటిలో మాత్రమే బ్రతుకు కంటికానని జంతువులను ఏరి, వర్ణించి, ప్రపంచమునకు తెలిపిరి. ఆ నౌకాశ్రయపు ఓడలయడుగున నంటుకొన్న గొట్టపుపురుగుల, బార్నకిళ్ల చుట్టములే నేడు గృహస్థుని తొట్టెలోను వెలయుచున్నవి. జీవిని చూచి జాతిని నిర్ణయించు వర్గీకరణవిద్య ఫలము ఆలస్యముగా నిచ్చునది, ధనము తేనిది; కావున విశ్వవిద్యాలయములలో ఆ విద్యనెరిగిన ఆచార్యుడు విశ్రాంతి తీసికొనినపుడు ఆయన స్థానమును అట్టివానితోనే నింపవలయునని నేను గట్టిగా కోరుదును. సముద్రతీరము వేయి కిలోమీటర్లకు దగ్గరగా గల రాష్ట్రమునకు ఇది విలాసము కాదు. ఔత్సాహికులును తమవంతుగా, రాయి యే సముద్రమునుండి వచ్చినదో వ్రాసి యుంచి, వింతజీవి చచ్చినచో దానిని పారవేయక మద్యసారములో భద్రపరచి సమీప కళాశాలకు చేర్పవచ్చును.

రాయి యెచ్చటినుండి వచ్చినదను ప్రశ్నకు మనదేశమున మరియొక గురుత్వము కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి అనుసూచిలో 2001లో శిలాప్రవాళములను చేర్చిరి. కావున మన్నార్ సింధుశాఖనుండియో, అండమాన్ దీవులనుండియో పగడపురాతిని పెల్లగించి తెచ్చుట, అది చచ్చినదైనను, నేరము. న్యాయముగా పోదలచినవానికి, మట్టితో కాల్చిచేసిన కృత్రిమశిలలు కలవు. వానిపై సూక్ష్మజీవులు మెల్లగా కాపురముండును. అపరిచితులు తక్కువగా వచ్చుదురు గనుక వినోదము కొంత తగ్గునని కొందరు వాపోవుదురు గాని, సముద్రములోని పగడపుదిబ్బ నిలుచుట అంతకంటె ముఖ్యము.

ఒక్క సందర్భమున మాత్రము నేను చంపుటనే సమర్థింతును. తొట్టెపై విసుగు పుట్టినవారు రాళ్లను, నీటిని సముద్రములో పారబోయుట పుణ్యకార్యమనుకొందురు. 1984లో మొనాకో సముద్రశాస్త్ర ప్రదర్శనశాల చెంత చదరపుమీటరు మేర కనబడిన కాలర్పా అను అక్వేరియపు నాచు, రెండు దశాబ్దములు తిరుగకమునుపే మధ్యధరా సముద్రగర్భమున వేలకొలది హెక్టార్లు ఆక్రమించినది. 2000లో అదే నాచు కాలిఫోర్నియాలోని ఒక ఉప్పుకయ్యలో బయటపడగా, అచ్చటివారు దానిపై టార్పాలిన్లు కప్పి, క్రింద క్లోరిన్ పోసి, 2006 వరకు కావలి కాచిన పిదపగాని నిర్మూలమైనదని చెప్పజాలకపోయిరి. విశాఖవాసి యెవడైనను తన తొట్టెను ఎత్తివేయదలచినచో, చేతులకు తొడుగులు తొడిగికొని, ఆ రాళ్లను దినములతరబడి మంచినీటిలో ముంచి, జీవమంతయు పోయిన పిదప చెత్తలో వేయవలెనే గాని, ఋషికొండ యొడ్డున విడువరాదు.